ఆహా అన్నాను, ఊఁ అనలేదు

ఆ అబ్బాయి గొంతు రెండోసారి కూడా సరిగ్గా అదే మాట దగ్గర వణికింది.

మొదటిసారి వణికినప్పుడు హాల్లో ఉన్న అరవై మందీ ఊపిరి బిగబట్టారు. కవితల పోటీలో, వాళ్ళ నాన్న కుడి చెయ్యి గురించి చెబుతున్నాడు. వాళ్ళది నారాయణపేట వైపు ఊరు. నాన్న గుంపు మేస్త్రీ వెంట పుణె వెళ్ళి, ఒక బిల్డింగు పనిలో పైనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. "గా చెయ్యి ఇప్పుడు అన్నం ముద్ద గూడ కలుపది" అన్న దగ్గర వాడి గొంతు పూడుకుపోయింది. మూడు సెకన్లు ఆగాడు. కాగితం వైపు చూడలేదు. మళ్ళీ ఎత్తుకున్నాడు. ముప్పైకి 29.1 వచ్చింది. ఇంటర్ పిల్లలు ఇద్దరు వచ్చి వాడి కాళ్ళకు దండం పెట్టబోతే సిగ్గుతో వెనక్కి గెంతాడు.

రెండోసారి నాలుగు నెలల తర్వాత, ఒక కాలేజీ ఫెస్టులో. అదే కవిత, అదే ముద్ద, అదే వణుకు, అవే మూడు సెకన్లు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. ముందైతే గర్వపడ్డాను, టైమింగ్ భలే పట్టాడని. ఆ తర్వాత ఒళ్ళో ఉన్న ఫైలు తెరిచి వాడి ప్రింటు కాగితం చూశాను. ఆ లైను పక్కన ఎర్ర పెన్నుతో, నా చేతిరాతలో, "ఇక్కడ ఆపు. 3 సెకన్లు" అని ఉంది.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

ఏడేళ్ళుగా నేను చేస్తున్న పని ఇది. వారమంతా డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. నెలకు రెండు ఆదివారాలు మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పదహారు నుంచి ఇరవై రెండేళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, వాళ్ళు రాసుకున్నది గట్టిగా చదివిస్తాను. మైకు, రెండు స్పీకర్లు వినాయక చవితికి సౌండు పెట్టే అబ్బాయివి. ఖాళీ రోజుల్లో ఊరికే ఇస్తాడు, కాకపోతే ప్రతిసారీ కూర్చుని మొత్తం విని వెళ్తాడు. మూడు నెలలకోసారి పోటీ పెడతాం. ఆ పోటీకి స్లామ్ అని పేరు. మా వాచ్‌మన్ మాత్రం దాన్ని "పిల్లల ఎలక్షన్" అంటాడు, పలకలు పైకెత్తి మార్కులు చూపిస్తాం కాబట్టి.

స్లామ్ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1980ల మధ్యలో షికాగోలో మార్క్ స్మిత్ అనే ఆయన మొదలుపెట్టిన ఆట ఇది. ఆయన కూడా బిల్డింగు పనులు చేసినవాడే. కవి పైకెక్కి కాగితంలో మొహం దాచుకుని గొణుగుతుంటే, కింద కూర్చున్నవాళ్ళు మర్యాద కోసం చప్పట్లు కొట్టి ఇంటికి పోవడం ఆయనకు నచ్చలేదు. 1986 జూలైలో గ్రీన్ మిల్ అనే జాజ్ క్లబ్బులో ఆదివారం రాత్రుల్లో ఈ పోటీ పెట్టాడు. ప్రేక్షకుల్లోంచి ఎవరో ఐదుగురిని జడ్జీలుగా పిలుస్తారు. వాళ్ళకు కవిత్వం తెలిసి ఉండాలన్న రూలేమీ లేదు, తెలియకపోతేనే మంచిదంటారు కొందరు. సున్నా నుంచి పది దాకా, దశాంశాలతో సహా మార్కులు వేస్తారు. వాటిలో అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ తీసేసి మిగిలిన మూడూ కలుపుతారు. కవికి 3 నిమిషాలు, మీద 10 సెకన్లు చూసీచూడనట్టు. అది దాటితే మార్కుల్లో కోత. సొంత కవితే చదవాలి. వాయిద్యం, వేషం, చేతిలో వస్తువు పనికిరావు. పోటీ మొదలయ్యే ముందు, పోటీలో లేని ఒక కవి చదివి జడ్జీలకు చెయ్యి తిరిగేలా చేస్తాడు. ఇంగ్లీషులో అతనికి బలికవి అనే అర్థం వచ్చే పేరుంది. మా హాల్లో ఆ బలి ఎప్పుడూ నేనే. ఒకసారి నాకు 4.2 వేశారు. వేసింది మా పక్కింటి ఆవిడ.

ఈ ఆట గురించి తెలుగులో మాట్లాడినప్పుడల్లా రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి మా పెద్ద కవులది. "ఇది కవిత్వమా, కేకలా? ఈ పిల్లలు నాలుగు పుస్తకాలు చదివారా?" అంటారు. వాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు. అదే మాట వచన కవిత్వం వచ్చినప్పుడూ అన్నారు, పాట వచ్చినప్పుడూ అన్నారు. కేక మంచిదైతే నిలుస్తుంది, లేకపోతే పోతుంది.

రెండో గొంతు మన స్వచ్ఛంద సంస్థల వాళ్ళది, పిల్లలకి కౌన్సెలింగ్ చేసేవాళ్ళది, నాలాంటి ఉత్సాహవంతులది. "పిల్లలకి మైకు ఇవ్వండి చాలు. వాళ్ళ బాధ బయటికి చెప్పుకోనివ్వండి. గుండె బరువు దిగుతుంది." నా పేచీ దీనితోనే, ఎందుకంటే చాలాకాలం ఆ గొంతు నాదే. మైకు ఇస్తే చాలదని చెప్పడానికి ఇంత రాయాల్సి వస్తుందని నేనూ అనుకోలేదు.

ముందు, మా దగ్గరికి వచ్చే పిల్లలు ఎలా వస్తారో చెప్పాలి. ఇంటర్‌లో వీళ్ళలో సగానికి పైగా రెండో భాషగా సంస్కృతం తీసుకున్నవాళ్ళు, మార్కుల కోసం. అంటే పదో తరగతి పరీక్ష రాసిన రోజే తెలుగు రాయడం ఆపేశారు. కవిత తెమ్మంటే ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టుకుని తెస్తారు. దాన్ని చదివేటప్పుడు 'ళ'కీ 'ల'కీ, 'ణ'కీ 'న'కీ తేడా ఉండదు, ఎందుకంటే స్క్రీను మీద ఆ తేడా లేదు. నేను దాన్ని తప్పు పట్టను. ఆ ఇంగ్లీషు అక్షరాల తెలుగే లేకపోతే వీళ్ళకు ఆ తెలుగైనా ఉండేది కాదు.

మిగతావాళ్ళు వక్తృత్వ పోటీల నుంచి వచ్చినవాళ్ళు. వీళ్ళతో ఇంకా కష్టం. మైకు పట్టుకోగానే కుడి చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. "ఓ యువతా!" అని మొదలవుతుంది. నిరుద్యోగం, అవినీతి, ప్లాస్టిక్, స్త్రీ, అన్నీ మూడు నిమిషాల్లో పరిష్కారమైపోతాయి. ఒకమ్మాయి అమ్మ మీద కవిత చదివింది. అమ్మ దేవత, అమ్మ కొవ్వొత్తి, అమ్మ నది. అంతా అయ్యాక అడిగాను, "మీ అమ్మ నీతో రోజూ ఎక్కువసార్లు అనే మాట ఏంటమ్మా?" అని. ఆ పిల్ల ఆలోచించకుండా, "లైటార్పు" అంది. హాలంతా నవ్వింది. "ఎందుకు ఆర్పమంటది?" అన్నాను. "కరెంటు బిల్లు రెండొందల యూనిట్లు దాటితే ఓనర్ అంకుల్ కిందికి వచ్చి గొడవ పెడతడు మేడం. మాది సపరేటు మీటరు కాదు."

అప్పటికి ఆ పిల్ల దగ్గర కవిత ఉన్నట్టే. దాన్ని రాయడానికి ఆరు వారాలు పట్టింది. చీకట్లో పుస్తకం పట్టుకుని మెట్ల మీద, బయటి వీధిదీపం కింద చదువుకోవడం, ఓనర్ మెట్లు దిగే చెప్పుల చప్పుడు, అమ్మ చెయ్యి స్విచ్చు మీద. నదీ కొవ్వొత్తీ ఎటు పోయాయో తెలియదు. ఇప్పటికీ కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మా మొదటి ఆదివారం పని ఇదే. ఇంట్లో రోజూ వినపడే ఒక మాట, అన్నది అన్నట్టు, యాసతో సహా రాసుకురావాలి. నారాయణపేట అబ్బాయి మొదట తెచ్చిన మాట, "ఫోను జేసినవా?" నాన్న పుణెలో ఉన్నన్ని రోజులూ వాళ్ళ నాయనమ్మ పొద్దున్నే అడిగే మాట అది.

ఇక్కడి దాకా నేను బాగానే చేశాను. తర్వాత పాడుచేశాను.

ఎలా పాడుచేశానో చెప్పాలంటే బుర్రకథ దగ్గరికి వెళ్ళాలి. జనం ముందు కవిని నిలబెట్టి పరీక్షించే ఆట మనకి కొత్త కాదు. అవధానంలో పృచ్ఛకులు చుట్టూ కూర్చుని కవిని ఇరకాటంలో పెడతారు. పద్యం కుదురుతున్న వేళ అప్రస్తుత ప్రసంగం చేసేవాడు "ఇవాళ మీ ఇంట్లో ఏం కూరండీ?" అని అడుగుతాడు. అదీ ఆటే. పాతబస్తీ ముషాయిరాల్లో, అంటే ఉర్దూ కవిసభల్లో, వినేవాళ్ళ వాహ్ వాహ్ కూడా కవితలో భాగమే. కానీ పిల్లలతో పనిచేసేవాళ్ళకి వీటన్నిటికన్నా పనికొచ్చేది బుర్రకథ అని నా నమ్మకం, ఎందుకంటే అందులో కథకుడు ఒంటరి కాదు. మధ్యలో తంబూరా వేసుకుని కథకుడు, ఇటూ అటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే చోట "తందాన తాన" అని అందుకుంటారు. కథ ఉద్రేకం మీద ఉన్నప్పుడు, "అయితే అన్నా, అప్పుడేం జరిగింది?" అని అడుగుతారు. జనానికి రాబోయే సందేహం వాళ్ళకి ఒక క్షణం ముందు వస్తుంది. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ అంతటివాడు పల్నాటి యుద్ధం చెబుతున్నా పక్కన వంతలు ఉండాల్సిందే.

మనం మాత్రం 'వంతపాడటం' అన్న మాటని తిట్టుగా మార్చేశాం. లీడరు ఏమంటే దానికి తల ఊపేవాణ్ణి అలా అంటాం. అసలు వంత పని తల ఊపడం కాదు, కథని ఆగిన చోటి నుంచి ముందుకు తొయ్యడం.

మా అమ్మమ్మకి ఇది ఇంకా బాగా తెలుసు. రాత్రి డాబా మీద కథ చెబుతూ, నేను ఊఁ అనకపోతే ఆపేసేది. "ఊఁ కొట్టకపోతే ఎవరికి చెప్పనే, గోడకా?" అనేది. ఊఁ అంటే వింటున్నానని అర్థం. తర్వాతేమిటి అని కూడా. రాకుమారుడు పులి నోట్లో ఉన్నప్పుడు నేను భయంతో "అమ్మో" అంటే అమ్మమ్మ కథ ఆపి, "అమ్మో అనకు, ఊఁ అను" అనేది. అమ్మో అన్నంతసేపూ రాకుమారుడు పులి నోట్లోనే ఉండిపోతాడు.

నారాయణపేట అబ్బాయి మొదటిసారి ఆ ముద్ద సంగతి చదివినప్పుడు నేను "ఆహా" అన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాడు చూశాడు. పక్కనున్నవాళ్ళు మెచ్చుకోలుగా చిటికెలు వేశారు. నేను ఎర్ర పెన్ను తీశాను. ఊఁ అనలేదు. "ఇప్పుడు నాన్న పొద్దుటి నుంచీ ఏం చేస్తాడు? ఎవరితో మాట్లాడతాడు? ఎడమ చేత్తో ఏమేం నేర్చుకున్నాడు? పుణె గురించి ఏం చెబుతాడు?" ఇవేవీ అడగలేదు. అడిగి ఉంటే కవిత ఆ చెయ్యి దాటి ఆ మనిషి దగ్గరికి వెళ్ళేది. నేను వాళ్ళ నాన్నని పైనుంచి పడుతుండగానే గాల్లో ఆపేశాను, మూడు సెకన్లు.

తర్వాత జరిగింది చెబుతాను. ఫెస్టులో ఎవరో వీడియో తీశారు. అది గ్రూపుల్లో తిరిగి తిరిగి వాళ్ళ ఊరి కుర్రాడి ఫోనుకి చేరింది. వాడు దాన్ని ఊళ్ళో కిరాణా కొట్టు దగ్గర వాళ్ళ నాన్నకి చూపించాడు, మంచి మనసుతోనే. దసరాకి ఇంటికెళ్ళిన అబ్బాయితో నాన్న కోపంగా ఏమీ అనలేదట. "నా చెయ్యి సంగతి హైదరబాదు అందరికి జెప్పినవా బిడ్డా?" అన్నాడట, అంతే. కానీ వాడు ఇంకోటి చూశాడు. ఇదివరకు నాన్న అరుగు మీద అందరిలో కూర్చున్నప్పుడు ఆ చెయ్యి అలాగే ఒళ్ళో పెట్టుకునేవాడు. ఇప్పుడు ఎవరైనా వస్తే భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పుకుంటున్నాడు.

ఇది చెప్పి వాడు నన్నేమీ అనలేదు. నేనే అడిగాను, "నువ్వు ఆ కవిత చదివే ముందు నాన్నకి చెప్పలేదా?" అని. "మీరు అడగలె గద మేడం" అన్నాడు.

స్లామ్ చేయించే ప్రతి మెంటరూ ఎదుర్కోవాల్సిన చిక్కు ఇదే, మన దగ్గరైనా అమెరికాలోనైనా. మూడు నిమిషాల్లో ముక్కూమొహం తెలియని ఐదుగురి మనసు గెలవాలి. నవ్వు ఒక దారి, కోపం ఒక దారి, కానీ అన్నిటికన్నా దగ్గరి దారి గాయం. పిల్లలు తెలివైనవాళ్ళు, రెండో పోటీకే కనిపెట్టేస్తారు. ఫలానా అమ్మాయి ఇంట్లో దెబ్బల గురించి చెప్పింది, 28.7 వచ్చింది. నేను బస్‌పాస్ గురించి చెప్పాను, 22 వచ్చింది. అంటే నాకూ ఒక గాయం కావాలి. లేనివాళ్ళు పక్కవాళ్ళది అప్పు తెచ్చుకుంటారు. ఉన్నవాళ్ళు దాన్ని ఆరనివ్వరు, ఎందుకంటే అది ఆరితే మార్కులు పోతాయి. మార్కులు అసలు సంగతి కాదు, కవిత్వమే అసలు సంగతి అని స్లామ్ వాళ్ళలో ఒక మాట ఉంది. మంచి మాటే. నేను గమనించినంతలో, 29 వచ్చినవాళ్ళు దాన్ని ఎక్కువగా చెబుతారు.

అయితే మార్కులు ఎత్తేయొచ్చు కదా అని మా ఆయన అడిగాడు. ఒక ఏడాది ఎత్తేశాం. హాలు సగానికి ఖాళీ అయింది. వచ్చినవాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. పలక చేతిలో ఉంటే మా పక్కింటావిడ కూడా చెవులు రిక్కించి వింటుంది, తర్వాత అరగంట నాతో పోట్లాడుతుంది. మార్క్ స్మిత్ కనిపెట్టిన కిటుకు అదే, కాబట్టి మార్కులు మళ్ళీ వచ్చాయి. ఆ మార్కులకీ పిల్లలకీ మధ్య ఎవరో ఒకరు నిలబడాలి, అంతే. ఆ నిలబడేవాళ్ళు కూడా ఆహా అనేవాళ్ళయితే పిల్లలకి ఇక దిక్కులేదు.

అమెరికాలో ఈ పని పాతికేళ్ళకు పైగా పద్ధతిగా చేస్తున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో యూత్ స్పీక్స్ 1996లో మొదలైంది. షికాగోలో 2001లో మొదలైన లౌడర్ దేన్ ఎ బాంబ్ పోటీలకు బడుల నుంచి జట్లుగా వచ్చేవాళ్ళు. ఆ జట్టు పద్ధతి నాకు నచ్చుతుంది. ఒక్కడి గాయం మీద మొత్తం భారం పడదు, నలుగురు కలిసి ఒకే కవిత పంచుకుని చదవాల్సి వచ్చినప్పుడు ఒకడు ఆగితే ఇంకొకడు అందుకోవాలి. ఇంచుమించు మన వంతలే. 2021 జనవరిలో బైడెన్ ప్రమాణ స్వీకారంలో కవిత చదివిన అమాండా గోర్మన్‌ని అందరూ చూశారు. అప్పటికి ఆమెకు 22 ఏళ్ళు. చిన్నప్పుడు ఆమెకి 'ర' పలకడం కష్టంగా ఉండేది. టీనేజీలో లాస్ ఏంజిలస్‌లో రైట్‌గర్ల్ అనే సంస్థలో చేరింది. అక్కడ ఒక్కో అమ్మాయికి ఒక్కో రచయిత్రి తోడుగా కూర్చుంటుంది. మా పిల్లలకి ఆ ప్రమాణ స్వీకారం వీడియో చూపిస్తే పసుపు కోటు గురించి మాట్లాడారు. నాకు ఆ పక్కన కూర్చున్న రచయిత్రి మీదే ధ్యాస. ఒక అమ్మాయికి ఒక మనిషి. మా హాల్లో ముప్పై మందికి నేనొక్కదాన్ని, సౌండు అబ్బాయి.

దసరా తర్వాత మా పద్ధతులు మారాయి. అన్నీ ఇక్కడ చెప్పను, కొన్ని మాకే పనికొచ్చేవి. ఎర్ర పెన్ను మానేశాను. ఎవరైనా కవిత చదివాక అందరూ బాగుందనే ముందు తలా ఒక ప్రశ్న అడగాలి. ప్రశ్న అయిపోయాకే చిటికెలు. ఇంట్లోవాళ్ళ గురించి రాస్తే, ఆ ఇంట్లోవాళ్ళు ముందు వరసలో కూర్చున్నా చదవగలవా అని అడుగుతాను. చదవలేనంటే ఆ కవిత చెడ్డదని కాదు, అది నోటుబుక్కులో ఉండాల్సిన కవిత. నోటుబుక్కు కవితలకి మేం పేరు కూడా పెట్టాం, బీరువా కవితలు అని. ఇంకో పరీక్ష సౌండు అబ్బాయి పెట్టింది. "ఇది చెప్పినంక బిర్యానీ తినబుద్ధి అయితదా?" ఎవరో అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే మా బుర్రలకి తట్టలేదు. స్టేజీ దిగాక అన్నం సహించనంత పచ్చిగా ఉన్న గాయం ఇంకా కవిత కాలేదన్నమాట. వీడియోలు తియ్యొద్దని గోడ మీద బోర్డు పెట్టాం, చదివినవాళ్ళు కావాలంటే తప్ప.

ఇంకో ముఖ్యమైన సంగతి. చాలామంది మెంటర్లు మంచితనంతో, "నాకు చెప్పు, నేనెవరికీ చెప్పను" అంటారు. నేనూ అనేదాన్ని. పద్దెనిమిది నిండని పిల్లలు తమ మీద లైంగిక దాడి జరిగిందని చెబితే, 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. టీచరైనా, కవైనా, సౌండు అబ్బాయైనా. కాబట్టి ఆ మాట ఇవ్వడం అబద్ధమాడటమే. ఇప్పుడు మొదటి ఆదివారమే చెప్పేస్తాను, "కొన్ని సంగతులు నేను దాచలేను. కానీ నీకు చెప్పకుండా ఎవరి దగ్గరికీ వెళ్ళను" అని. ఆశ్చర్యం ఏమిటంటే అలా చెప్పాక పిల్లలు తక్కువ చెప్పలేదు. ఇద్దరు వచ్చి ఎక్కువే చెప్పారు, కవితగా కాదు, ప్లెయిన్‌గా, మెట్ల మీద కూర్చుని. హాలు గోడకి పిల్లల సాయానికి చైల్డ్‌లైన్ 1098, మనసు బాగాలేనప్పుడు పిలవడానికి టెలీ మానస్ 14416 నంబర్లు అతికించాం. కవిత రాయించడం నాకు వచ్చు. వైద్యం రాదు. ఆ రెండిటికీ తేడా తెలియని ఉత్సాహం నా దగ్గర చాలా ఉండేది.

ఇది చదివి మా పెద్ద కవులు "మేం చెప్పలేదా" అంటారేమో. మీరు చెప్పింది ఇది కాదండీ. పిల్లలకి భాష రాదన్నారు. భాష వాళ్ళకి వచ్చు, ఓనర్ చెప్పుల చప్పుడు దాకా వచ్చు. నేర్పాల్సినవాళ్ళకే వినడం రాలేదు. మన కవిసమ్మేళనాల్లో తన వంతు అయిపోగానే శాలువా మడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళని నేను పేర్లతో సహా లెక్కపెట్టగలను. మా పిల్లల్లో ఆ అలవాటు రానివ్వను. ఆఖరి కవి చదివేదాకా మొదటి కవి కూర్చోవాలి. లేచి వెళ్తే తర్వాతిసారి మొదటి నంబరు వాళ్ళదే. రాత్రి గడిచేకొద్దీ జడ్జీల మార్కులు ఉబ్బుతాయి కాబట్టి మొదటి నంబరంటే శిక్షే.

నారాయణపేట అబ్బాయి రెండు పోటీలు మానేశాడు. వచ్చేవాడు, వెనక కూర్చునేవాడు, ప్రశ్న అడిగేవాడు. వాడి ప్రశ్నలు మంచివి. ఒకమ్మాయి చనిపోయిన తమ్ముడి మీద కవిత చదివితే, అందరం బిగుసుకుపోయి కూర్చుంటే, వాడు, "మీ తమ్ముడు ఏ టీమ్ ఫ్యాను?" అని అడిగాడు. ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. "చెన్నై. అందుకే మా ఇంట్ల రోజు కొట్లాట" అంది. తర్వాత రాసిన దాంట్లో ఆ తమ్ముడు మూడు నిమిషాలూ బతికే ఉన్నాడు.

ఫిబ్రవరిలో వాడు కొత్త కవిత తెచ్చాడు. నాన్న ఎడమ చేత్తో పేకముక్కలు పంచడం గురించి. కలపడం రాదు కాబట్టి ముక్కల్ని గోనెపట్టా మీద బోర్లా పోసి, అరచేత్తో గుండ్రంగా తిప్పి తిప్పి కలుపుతాడట. ఆట మధ్యలో పుణె కథలు చెబుతాడట. మేస్త్రీని అనుకరిస్తాడట, మరాఠీ తిట్లు తప్పుగా తిడతాడట. మూడు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. కోత పడుతుంది. ఏది తీసెయ్యాలో వాడికే వదిలేశాను. వాడు చెయ్యి విరిగిన సంగతి ఉన్న నాలుగు లైన్లు తీసేశాడు.

పోటీకి ముందు శనివారం హాలు తాళం తీస్తుంటే, వాడు మెట్ల మీద కూర్చుని ఫోన్ స్పీకర్లో పెట్టి నాన్నకి చదివి వినిపిస్తున్నాడు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ప్రతి రెండు లైన్లకీ అటునుంచి "ఊఁ" వినపడుతోంది. మేస్త్రీ అనుకరణ దగ్గర దగ్గులాంటి నవ్వు. మళ్ళీ ఊఁ. ఒక చోట వీడు మాట మర్చిపోయి ఆగితే, అటునుంచి ఇంకో ఊఁ, కొంచెం పొడుగ్గా.

అయిపోయింది. ఇద్దరూ కాసేపు ఏం మాట్లాడలేదు.

"గా మేస్త్రీ గట్ల అనడు రా, ముక్కుతోని అంటడు" అన్నాడు నాన్న. తర్వాత, "తిన్నవా?"